ఒక్క గడిలో ఎంత నేల? వరంగల్ నుంచి వాతావరణ మార్పు మ్యాపుల సమీక్ష

వాతావరణ మార్పును తెర మీద చూపించే ఇంటరాక్టివ్ మ్యాపులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయేవన్నీ ఉచితం. హనుమకొండ కాలేజీల్లో జాగ్రఫీ చెప్పేవాళ్లకీ, సైన్స్ ఫెయిర్‌కి ప్రాజెక్టు చేసే పిల్లలకీ, చెరువుల మీద వార్తలు రాసేవాళ్లకీ ఇవి నిజంగా పనికొస్తాయి. కాకపోతే ఏ మ్యాప్ ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో తెలియకుండా వాడితే, తప్పు జవాబు కూడా అంతే అందమైన రంగుల్లో వస్తుంది. అందుకని ప్రతిదాన్నీ ముందు మనకు తెలిసిన నేల మీద పెట్టి చూడాలి: పాకాల, భద్రకాళి చెరువు, మేడిగడ్డ, తాడ్వాయి అడవి. అక్కడ ఎందుకు తప్పుతుందో తెలిస్తే, బ్రెజిల్ గురించి చెప్పేటప్పుడు దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

రంగుల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ మ్యాప్‌లో ఒక్క గడి (పిక్సెల్) ఎంత నేలను కప్పుతోంది? యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం గడి 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు; మన లెక్కలో దాదాపు ఒక గుంట. అమెరికా లాండ్‌శాట్ గడి 30 మీటర్లు, అంటే సుమారు 9 గుంటలు. మంటలను పసిగట్టే విర్స్ పరికరం గడి 375 మీటర్లు, దాదాపు 35 ఎకరాలు. భారత వాతావరణ శాఖ వాన గ్రిడ్ పావు డిగ్రీ, 700 చదరపు కిలోమీటర్ల పైన. మూడు నాలుగు మండలాలు అందులో పడతాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ అట్లాస్‌లో ప్రపంచ వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ల గడి ఒక డిగ్రీ. మన అక్షాంశం దగ్గర అది 11,700 చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పాత ఉమ్మడి వరంగల్ జిల్లా విస్తీర్ణం 12,846 చదరపు కిలోమీటర్లు. ఏటూరునాగారం అడవీ, జనగామ మెట్టా, వరంగల్ చౌరస్తా అన్నీ కలిపి ఇంచుమించు ఒకే రంగు చుక్క అన్నమాట. ఈ లెక్క దగ్గర పెట్టుకుంటే సగం పొరపాట్లు జరగవు.

మన ప్రాంతానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం జేఆర్‌సీ తయారుచేసిన గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్. 1984 నుంచి 2021 దాకా లాండ్‌శాట్ తీసిన చిత్రాలన్నిటినీ జల్లెడ పట్టి, ఏ గడిలో ఎప్పుడు నీళ్లున్నాయో లెక్కగట్టింది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేలకు ఇంతకన్నా దగ్గరైన ప్రపంచ మ్యాప్ లేదు. ఇందులో పొరలు చాలా ఉన్నా, ఆక్యురెన్స్ అనే పొరతో మొదలుపెట్టాలి. ఆ గడిని చూసిన మొత్తం సార్లలో ఎన్నిసార్లు నీళ్లు కనిపించాయో అది శాతంలో చెబుతుంది. ముదురు నీలం అంటే ఎప్పుడూ నీళ్లే. అంచులకు వెళ్లేకొద్దీ రంగు ఊదాలోకి, గులాబీలోకి తిరుగుతుంది. పాకాల మీదకు జూమ్ చేస్తే కట్ట పక్కన లోతు భాగం నీలంగా, శిఖం భూములవైపు గులాబీగా కనిపించడం సహజం. ఆ గులాబీ పట్టీ చెరువు ఎండిపోతోందని చెప్పే గుర్తు కాదు. నీళ్లు ఏటా ఎంత దూరం వెనక్కి తగ్గి మళ్లీ ఎంత దూరం వస్తాయో చెప్పే గుర్తు.

మార్పు కావాలంటే ఆక్యురెన్స్ చేంజ్ ఇంటెన్సిటీ పొర తెరవాలి. 1984–1999 కాలాన్ని, 2000–2021 కాలాన్ని పోల్చి నీళ్లు పెరిగిన చోట ఆకుపచ్చ, తగ్గిన చోట ఎరుపు, మారని చోట నలుపు ఇస్తుంది. పోల్చడానికి సరిపడా చిత్రాలు లేనిచోట బూడిద రంగు ఉంటుంది. చాలామంది ఇది వదిలేసి ట్రాన్సిషన్స్ పొర దగ్గరికి వెళతారు, ఎందుకంటే అందులో కొత్త శాశ్వత నీరు, పోయిన శాశ్వత నీరు అని తేలిగ్గా అర్థమయ్యే పేర్లున్నాయి. చిక్కు అక్కడే ఉంది. ట్రాన్సిషన్స్ ప్రధానంగా మొదటి సంవత్సరాన్ని, చివరి సంవత్సరాన్ని మాత్రమే పోలుస్తుంది. మొదటి సంవత్సరం కరువైతే మన చెరువులన్నీ బాగుపడినట్టు, చివరి సంవత్సరం కరువైతే అన్నీ నాశనమైనట్టు కనిపిస్తాయి. తెలంగాణలో ఏడాదికీ ఏడాదికీ వాన ఎంత తేడాగా పడుతుందో తెలిసినవాళ్లు ఈ పొరను ఒంటరిగా నమ్మరు. గడి మీద క్లిక్ చేస్తే వచ్చే సంవత్సరాల చరిత్ర పట్టీ చూసి, కనీసం పదేళ్ల వరుస చదివాకే మాట్లాడాలి. 1999కు ముందు మనవైపు చిత్రాలు పలచగా ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏళ్లలో ఖాళీలు కనిపిస్తే నీళ్లు లేవని కాదు, చూసిన కన్ను లేదని.

ఈ నీటి మ్యాప్ తప్పే చోట్లు మూడు. మొదటిది గుర్రపు డెక్క. చెరువు మీద అది అల్లుకుంటే ఉపగ్రహానికి ఆకుపచ్చ నేల కనిపిస్తుంది, అడుగున నిండా నీళ్లున్నా సరే. ఊరి మురుగు చేరే చెరువుల్లో మ్యాప్ నీళ్లను తక్కువ చేసి చూపడానికి ఇదొక పెద్ద కారణం. రెండోది వరి. దమ్ము చేసి నాట్లు వేసిన పొలం కొన్ని వారాలు నీటి మడుగే. ఆయకట్టు కింద సీజనల్ వాటర్ మరకలు కనిపిస్తే అవి కుంటలు కావు, యాసంగి నాట్లు కావచ్చు. మూడోది చిన్న కుంటలు. తొమ్మిది గుంటల గడిలో అర గడి నిండే కుంట కనిపించినా కనిపించకపోయినా ఆశ్చర్యం లేదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం కారణాన్ని ఊహించుకోవడంలో ఉంది. గోదావరి మీద ఎల్లంపల్లి నుంచి మేడిగడ్డ దాకా, పక్కన మిడ్ మానేరు దగ్గర కొత్త నీలం మరకలు కనిపిస్తాయి. అది వాతావరణ మార్పు కాదు, బ్యారేజీలు, రిజర్వాయర్లు. మేడిగడ్డ 2019 జూన్‌లో మొదలైంది. 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తి నీళ్లు వదిలేశారు. 2021తో ఆగిపోయే ఈ మ్యాప్‌లో ఆ రెండో సగం లేదు. భద్రకాళి చెరువుది ఇంకో రకం. 2024 చివర్లో పూడిక తీయడానికి ఖాళీ చేశారు. ఆ నెలల ఉపగ్రహ చిత్రం ఒక్కటే చూసినవాళ్లు చెరువు చచ్చిపోయిందని రాసేయగలరు. నీళ్లు పెరిగినా తగ్గినా ముందు మనిషి చెయ్యి ఉందేమో చూడాలి: తూము, కాలువ, లిఫ్టు, పూడికతీత, కబ్జా. అవన్నీ తీసేశాక మిగిలిందే వాతావరణం లెక్క. ఈ పని మ్యాప్ చేయదు, స్థానికులే చేయాలి.

గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ గురించి తక్కువ చెబితే చాలు. 1984 నుంచి 2022 దాకా ఏడాదికొక్క చిత్రం చొప్పున సినిమాలా ఆడిస్తుంది. క్లాసులో మొదటి పది నిమిషాలకు దీనికి సాటి లేదు. భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టు గనులు విప్పారడం, వరంగల్ కాజీపేట వైపు అంటుకుపోవడం పిల్లలకు మాట లేకుండా అర్థమవుతుంది. అయితే ఆ ఏడాదికొక్క చిత్రం మేఘాలు తీసేసి ఎన్నో రోజుల చిత్రాలను కలిపి కుట్టినది. అందులో ఎండాకాలమూ వానాకాలమూ లేవు. చెరువు నిండిందా ఎండిందా అన్నది దీంతో తేల్చకూడదు.

తేదీతో సహా చూడాలంటే యూరప్ ఉపగ్రహ చిత్రాల సైట్ కోపర్నికస్ బ్రౌజర్ తెరవాలి. ఎడమ పట్టీలో సెంటినెల్-2 ఎల్2ఏ ఎంచుకుని, తేదీ పెట్టి, మేఘాల శాతం 20 లోపు ఉంచాలి. ఊరి పేరు ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాస్తారు కాబట్టి వెతకడం తప్పుతుంది. హనుమకొండకు 17.99, 79.58 అని అక్షాంశ రేఖాంశాలు కొట్టడం మేలు. నీళ్లకు ఎన్‌డీడబ్ల్యూఐ పొర, పంటకు ఎన్‌డీవీఐ పొర. గీత గీసి విస్తీర్ణం కొలిచే పరికరం కుడివైపు ఉంటుంది. చెరువు అంచు వెంట క్లిక్ చేసుకుంటూ వెళితే విస్తీర్ణం తేలుతుంది; హెక్టార్లను 2.47తో గుణిస్తే ఎకరాలు. ప్రతి ఏడాదీ ఒకే నెల చిత్రంతోనే పోల్చాలి. డిసెంబర్‌ను ఏప్రిల్‌తో పోల్చిన పోస్టర్లు సైన్స్ ఫెయిర్లలో మామూలే. అవి చూపేది ఎండాకాలాన్ని మాత్రమే.

వానాకాలంలో సెంటినెల్-2 గుడ్డిది, మేఘం దాటి చూడలేదు. అప్పుడు రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 కావాలి. నీళ్లు నున్నగా ఉండి రాడార్ కిరణాన్ని అవతలికి కొట్టేస్తాయి కాబట్టి నల్లగా కనిపిస్తాయి. మామునూరు లాంటి పాత రన్‌వే, కొత్త తారురోడ్డు కూడా నల్లగానే పడవచ్చు. గాలికి అలలు లేస్తే చెరువు బూడిదగా మారుతుంది. రాడార్ కూడా అన్నీ పట్టుకోదు. 2023 జులై 27 ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, రాష్ట్ర రికార్డు. మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబర్‌లోనే పాడైంది. అందువల్ల ఆ రోజుల్లో ఒకే చోటికి, ఒకే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పట్టేది. వాగు వరద ఒకటి రెండు రోజుల్లో తీస్తుంది. ఉపగ్రహ మ్యాప్‌లో ఒక ఊరి మీద వరద రంగు లేకపోతే వరద రాలేదని అర్థం కాదు. నష్టపరిహారం లెక్కలకు ఇలాంటి మ్యాపులు వాడేవాళ్లు ఈ ఒక్క మాట తప్పక గుర్తుంచుకోవాలి.

అదే వానను గ్రిడ్ మ్యాపులో చూస్తే 649.8 ఎక్కడా కనిపించదు. మూడు నాలుగు మండలాలకు సగటు వేస్తే అంకె బాగా దిగిపోతుంది. అబద్ధం కాదు, గడి పెద్దది, అంతే. రోజు లెక్క కూడా కలవదు. మన వాన కొలత ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. ప్రపంచ డేటాల్లో చాలావాటికి రోజు గ్రీన్‌విచ్ సమయం ప్రకారం, అంటే మన 5.30కి మారుతుంది. ఒకే కుండపోత రెండు తేదీల మధ్య చీలిపోవచ్చు. కుండపోతల విషయంలో మండల స్థాయి ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల అంకెలనే ముందు పెట్టుకోవాలి. రాష్ట్ర ప్రణాళికా సంస్థ వాటిని రోజూ ఇస్తోంది. ఇంత దట్టంగా స్టేషన్లు ఉండటం మన అదృష్టం.

అడవికి గ్లోబల్ ఫారెస్ట్ వాచ్. 2014లో వచ్చింది, 2001 నుంచి ఏటా చెట్ల కప్పు ఎంత పోయిందో 30 మీటర్ల గడిలో చూపిస్తుంది. దీంట్లో తెలుసుకోవాల్సినవి రెండు. చెట్టు అంటే ఇక్కడ 5 మీటర్లకు పైన ఎదిగిన ఏ మొక్కైనా. నీలగిరి తోట నరికితే అది కూడా లాస్ కింద గులాబీ చుక్కే. రెండోది, కప్పు 30 శాతం దాటిన గడులనే మామూలుగా లెక్కిస్తుంది. ఆకు రాల్చే మన పలచటి టేకు, నల్లమద్ది అడవుల్లో కొంత భాగం అసలు లెక్కలోకే రాకపోవచ్చు. సెట్టింగుల్లో ఆ శాతాన్ని 10కి, 20కి మార్చి అంకెలు ఎంత కదులుతాయో చూశాకే రాయాలి. 2011 తర్వాత, మళ్లీ 2015 తర్వాత గుర్తించే పద్ధతి మెరుగైంది. కాబట్టి ఆ తర్వాతి ఏళ్లలో లాస్ పెరిగినట్టు కనిపిస్తే అందులో కొంత కన్ను మెరుగవడం వల్లే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు కూలాయి. ఆ ఏడాది ములుగు అంకెను పోడు ఖాతాలోనో, కలప దొంగల ఖాతాలోనో వేయడం అన్యాయం.

ఫారెస్ట్ వాచ్‌లోనే కాదు, ఏ మ్యాప్‌లోనైనా వరంగల్ అని జిల్లా పేరు కొట్టినప్పుడు హద్దు చూడాలి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి, 2019లో ములుగు ఏర్పడింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది. అంతర్జాతీయ డేటాలో చాలాచోట్ల పాత హద్దులే ఉంటాయి. గీసిన హద్దులో ఏటూరునాగారం ఉంటే అది ఉమ్మడి జిల్లా. కొత్త జిల్లా అంకెతో దాన్ని పోలిస్తే అడవి మాయమైనట్టే వస్తుంది.

నాసా ఫర్మ్స్ మంటల మ్యాప్ మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగుంటుంది. విర్స్ ఉపగ్రహాలు మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో వెళతాయి. సాయంత్రం అంటించి చీకటికి ఆరిపోయిన కొయ్యకాళ్ల మంట దొరకకపోవచ్చు. రామగుండం వైపు ఏడాది పొడవునా ఒకేచోట చుక్క వెలుగుతుంటే అది అడవి కాకపోవచ్చు. పరిశ్రమల వేడినీ అది పట్టుకుంటుంది.

ఇక భవిష్యత్తు. ఐపీసీసీ 2021లో విడుదల చేసిన ఇంటరాక్టివ్ అట్లాస్‌కు మించినది లేదు, ఇంత కష్టమైన తెర కూడా ఇంకొకటి లేదు. ఫోన్‌లో ప్రయత్నించవద్దు. పట్టీలు మ్యాప్‌ను కప్పేస్తాయి. కంప్యూటర్‌లో రీజనల్ ఇన్ఫర్మేషన్ తెరిచి, వేరియబుల్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఎంచుకోవాలి. మన రోహిణి కార్తె ఎండలకు సరిగ్గా సరిపోయే కొలత అది. డేటాసెట్ సీఎంఐపీ6, అంటే ప్రపంచ వాతావరణ మోడళ్ల ఉమ్మడి సంకలనం. తర్వాత సంవత్సరం కాకుండా వార్మింగ్ లెవెల్ (ప్రపంచ సగటు వేడి ఎంత పెరిగిందన్న మెట్టు) 2 డిగ్రీలు ఎంచుకోవాలి. 2050 అని పెడితే ప్రపంచం ఎంత బొగ్గు కాలుస్తుందన్న ఊహ మీద జవాబు మారిపోతుంది. 2 డిగ్రీలు అని పెడితే ఆ ఊహ చాలావరకు పక్కకు పోతుంది, ఎప్పుడొస్తుందన్నది వేరే ప్రశ్న అవుతుంది. బేస్‌లైన్, అంటే పోలికకు పెట్టుకున్న పాత కాలం, ఏది పెట్టారో పక్కన రాసుకోవాలి. 1850–1900తో పోలిస్తే ఒక అంకె, 1995–2014తో పోలిస్తే ఇంకో అంకె. రెండు పోస్టర్లు కొట్టుకోవడానికి తరచూ ఇదే కారణం. మ్యాప్ మీద అడ్డగీతలుంటే అక్కడ మోడళ్లు ఒక్కమాట మీద లేవని. వాన పొరలో వాటిని చూడకుండా రంగు మాత్రమే చదవకూడదు. సౌత్ ఏషియా మీద క్లిక్ చేస్తే వచ్చే గ్రాఫు పెద్ద ప్రాంతానిది, వరంగల్‌ది కాదు. జిల్లా జోస్యానికి దీన్ని వాడొద్దు.

సముద్రమట్టానికి క్లైమేట్ సెంట్రల్ మ్యాప్ ఉంది. 260 మీటర్ల ఎత్తున ఉన్న మనకు సూటిగా సంబంధం లేదు. కోనసీమలో, మచిలీపట్నంలో బంధువులున్నవాళ్లు చూస్తారు. ఎరుపు అంటే ఆ నేల ఆ నీటిమట్టం కంటే దిగువన ఉందని మాత్రమే. కరకట్టల లెక్క అందులో సరిగ్గా ఉండదు, గోదావరి వరదా ఉండదు.

ప్రపంచ సమాజం గురించి చెప్పే వాటిలో అవర్ వరల్డ్ ఇన్ డేటా మ్యాపులు మొదటి స్థానంలో ఉంటాయి. ఒకే విషయాన్ని మూడు మ్యాపుల్లో వరుసగా చూపడం వీటిని వాడే సరైన పద్ధతి. మొత్తం కార్బన్ డయాక్సైడ్ మ్యాప్‌లో ఇండియా ముదురుగా ఉంటుంది, చైనా, అమెరికాల తర్వాత మనమే. తలసరి మ్యాప్‌కు మారితే ఇండియా 2 టన్నుల దగ్గర లేత రంగులోకి వస్తుంది. అమెరికా 14 టన్నుల దగ్గర ఉంటుంది. 1750 నుంచి కూడబెట్టిన మొత్తంలో వాటా చూస్తే అమెరికాది దాదాపు నాలుగో వంతు, మనది 4 శాతం లోపు. మొదటి మ్యాప్ ఒక్కటే చూపించి ఆపేసే పాఠం పిల్లలకు తప్పు నేర్పుతుంది.

తలసరి మ్యాప్‌కూ ఒక గుడ్డిచోటు ఉంది, అది ఉత్తర తెలంగాణకు బాగా తెలిసినది. ఖతార్ తలసరి 35 టన్నుల పైమాటే. ఆ జనాభాలో ఎక్కువమంది వలస కార్మికులు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లి లేబర్ క్యాంపుల్లో ఉంటున్నవాళ్లు కూడా ఆ భాగహారంలో కింద ఉన్నారు. వాళ్లలో ఒక్కొక్కరు 35 టన్నులు కాల్చడం లేదు. ఆ ఎండలో పనిచేసేది మాత్రం వాళ్లే. దేశం ఒక గడి అయినప్పుడు ఆ గడి లోపలి తేడాలన్నీ ఒకే రంగులో మునిగిపోతాయి. ఉమ్మడి జిల్లా విషయంలో అట్లాస్‌లో జరిగిందే ఇక్కడ మనుషుల విషయంలో జరుగుతోంది. రంగు వెనక ఎవరున్నారో క్లాసులో తప్పనిసరిగా అడగాలి.

ఇంకో సంగతి. ఈ వెబ్ మ్యాపుల్లో చాలావాటిలో ధ్రువాలవైపు నేల ఉబ్బి కనిపిస్తుంది. గ్రీన్‌లాండ్ ఇండియా కంటే ఎంతో పెద్దదిగా కనబడుతుంది. నిజానికి ఇండియానే దానికంటే ఒకటిన్నర రెట్లు. గ్లోబు రూపానికి మార్చే బటన్ ఉంటే నొక్కండి.

ప్రదర్శనలో పెట్టే చార్టులకు దేశ సరిహద్దు కోసం విదేశీ మ్యాపుల స్క్రీన్‌షాట్ వాడకండి. కశ్మీర్ గీతలు సర్వే ఆఫ్ ఇండియా ప్రకారం ఉండవు, చట్టపరమైన చిక్కు. ఇస్రో మ్యాపుల సైట్ భువన్‌లో హద్దులు సరిగ్గా ఉంటాయి. భువన్ నెమ్మదిగా కదులుతుంది, ఒక్కోసారి పొరలు రావు, ఉదయం పూట కాస్త మేలు. అయినా 2005–06, 2011–12, 2015–16 నాటి భూవినియోగ పొరలు పక్కపక్కన పెట్టి చూసేందుకు మనకు అదే ఆధారం. ప్రతి స్క్రీన్‌షాట్ కింద నాలుగు ముక్కలు రాయాలి: మ్యాప్ పేరు, పొర పేరు, డేటా ఏ ఏడాది దాకా ఉంది, ఒక్క గడి ఎన్ని మీటర్లు.

వీటన్నిటిలో లేనిది తెలుగు. ఊరి పేర్లు వంకరగా ఉంటాయి, కుంటల పేర్లు అసలే ఉండవు. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కోసం రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటల జాబితా తయారైంది. ఆ జాబితాను సర్ఫేస్ వాటర్ గడుల మీద పరిచి, పక్కన మండల వాన అంకెలు పెట్టి, పేర్లు తెలుగులో ఇచ్చే మ్యాప్ ఒకటి రావాలి. డేటా అంతా ఇప్పటికే ఉంది, మన కాలేజీల కంప్యూటర్ సైన్స్, జాగ్రఫీ విభాగాలు కలిసి కూర్చుంటే చేయగల పని.